ఊపిరి రెండున్నర

ఆయన పోయిన రోజు మంగళవారం. రెండో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి సంధులు చెబుతున్నాను. బోర్డు మీద ఒక మాటను విడదీసి, కలపడానికి ఎవరిని పిలుద్దామా అని చూస్తుండగా గుమ్మంలో ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. వెల్డింగ్ కోర్సు అమ్మాయి. సన్నగా పొడుగ్గా ఉంటుందని బడంతా గుండుసూది అంటారు. తనూ ఆ పేరుకే పలుకుతుంది. తోలు గ్లవుజులు ఇంకా చేతులకే ఉన్నాయి.

"మెయిన్ స్విచ్ తీసేసి వచ్చాను టీచర్," అంది. "సార్ మెట్టు మీద కూర్చుని బూట్లు కట్టుకుంటున్నారు. పక్కకి ఒరిగిపోయారు. లేవట్లేదు."

ముందు కరెంటు, తర్వాతే మనిషి. ఆ వరస ఆయన నేర్పిందే. చాక్‌పీసు బల్ల మీద పెట్టి ఆమె వెనకాల నడిచాను. పరుగెత్తలేదు. ఎందుకు పరుగెత్తలేదో నాకు ఇప్పటికీ తెలియదు.

"దారిలోనే ఊపిరి వదిలేశారమ్మా," అన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. గుండె, అన్నాడు. ఆయన బూట్లలో ఒకదానికి ముడి ఉంది, ఒకదానికి లేదు.

మా ఇద్దరిదీ ఒకే బడి, పంతొమ్మిదేళ్ళుగా. నేను భాష చెబుతాను. ఆయన బడి వెనక రేకుల షెడ్డులో పెద్ద తరగతుల పిల్లలకు వెల్డింగ్ నేర్పేవారు. రెండేళ్ళ కోర్సు. పొద్దున మామూలు పాఠాలు, మధ్యాహ్నం షెడ్డు. చివర్లో ప్రభుత్వ బోర్డు నుంచి ఒకరు వచ్చి పరీక్ష పెడతారు. పాసైతే ఫ్యాక్టరీలో చెల్లే సర్టిఫికెట్టు చేతికొస్తుంది. ఒకరు మాటలు అతుకుతారు, ఒకరు ఇనుము అతుకుతారు, వీళ్ళ కాపురం అతుకుల బొంత అని స్టాఫ్ రూములో మా మీద ఒక పాత జోకు ఉండేది. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేవారు.

రెండు వారాల తర్వాత బడికి వెళ్ళాను. షెడ్డుకు తాళం వేసి ఉంది. తొమ్మిది మంది వెల్డింగ్ పిల్లలు వరండాలో గోడకానుకుని కూర్చున్నారు. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన మంచివారు. చెడ్డ వార్త చెప్పే ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఆ రోజు చాలాసేపు తుడిచారు.

"పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందమ్మా. ఇన్‌స్ట్రక్టర్ లేకుండా కోర్సు నడపకూడదట. ఈ ఏడు కొత్త మనిషిని వెయ్యడం కుదరదట. పిల్లల్ని జనరల్ కోర్సులో కలిపెయ్యమన్నారు."

"పరీక్షకి ఇంకా ఎన్నాళ్ళుంది సార్?"

"పదకొండు వారాలు. ప్రాక్టికల్ సాధన జరుగుతోందని బడి తరఫున ఎవరైనా సంతకం పెడితే పేర్లు ఉంచుతారట. లేకపోతే కొట్టేస్తారు. ఎవరు పెడతారు చెప్పండి?"

"నేను పెడతాను."

తుడవడం ఆపారు. "మీరు భాష టీచరమ్మా. వెల్డింగ్ రాడ్డు ఏ చేత్తో పట్టుకోవాలో తెలుసా మీకు?"

"తెలీదు. వాళ్ళకి తెలుసు. ఏడాదిన్నర నేర్చుకున్నారు. మిగిలింది ఆయన రాసిపెట్టారు. నేను చదివి చెబుతాను."

చాలాసేపు మాట్లాడుకున్నాం. బడి ఎలక్ట్రీషియన్ మధ్యాహ్నం రెండు గంటలు మెయిన్ స్విచ్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవాలి. నేను షెడ్డు వదిలి కదలకూడదు. నెలాఖరుకు పిల్లలు వేసిన అతుకును పెద్దసారు కళ్ళ ముందే వంచి చూపాలి. నిలిస్తే పేర్లు ఉంటాయి. విరిగితే జనరల్.

"విరిగితే ఆ మాట పిల్లలకి మీరే చెప్పాలమ్మా. నావల్ల కాదు," అన్నారు.

బయట గుండుసూది కాచుకుని ఉంది. 

"జనరల్‌లోకి పొమ్మంటే ఈ ఏడు పోయినట్టే కదా టీచర్? ఏడు పోతే మా ఇంట్లో మాన్పించేస్తారు. మా అక్కని అలాగే మాన్పించారు."

"పొమ్మనలేదు. నెల టైమిచ్చారు."

"నెలా! సార్ ఉంటే వారం చాలనేవారు," అని నాలిక్కరుచుకుంది.

"వారం నేర్చుకోవడానికి. మూడు వారాలు నా తప్పులకి," అన్నాను. ఆ మాట అంత నిజమవుతుందని అప్పుడు అనుకోలేదు.

ఆయన పాఠాల పుస్తకం గళ్ళ నోటుబుక్కు. పిల్లలు పలక మీద గీతలాగా వెల్డు వేయడం, రెండు పలకలను నిలువుగా అడ్డంగా పెట్టి అతకడం అప్పటికే నేర్చుకున్నారు. మిగిలింది ఒకటే, పరీక్షలో వచ్చేదీ అదే: రెండు ఇనుప పలకలను అంచుకు అంచు చేర్చి ఒక్క పలకగా అతకడం. దాని గురించి నోటుబుక్కులో ఉన్నది ఇంతే.

*అంచులు వాలుగా గీకాలి. ఊపిరి వదలాలి, 2½. రెండు చివర్లా కుట్టు. కన్ను మూయకూడదు. తొందర వద్దు.*

ఆయనకు వాక్యాలు రాయడం ఇష్టం ఉండేది కాదు. కర్త ఉండదు, కర్మ ఉంటే ఉంటుంది, క్రియ మాత్రం తప్పకుండా ఉంటుంది. పెళ్ళైన కొత్తలో రాసిన ఉత్తరాలూ అంతే. రెండో వాక్యం దగ్గర నోటుబుక్కు మూసేశాను. మళ్ళీ మూడో రోజు గానీ తెరవలేదు.

తెరిచాక నా పని నేను చేశాను. ఒక చార్టు తీసుకుని, ఆయన విడిచిపెట్టిన కర్తలన్నీ చేర్చి నిండు వాక్యాలు రాశాను. "రాడ్డు తాకించే ముందు వెల్డరు నిదానంగా ఊపిరి వదలాలి. మనసులో రెండున్నర లెక్కపెట్టుకోవాలి. పని జరుగుతున్నంతసేపూ వెల్డరు కళ్ళు మూయకూడదు." చూసుకుంటే వాక్యాలు చక్కగా నిలబడ్డాయి. చేయి వణకకుండా ఉండడానికి ఊపిరి చెప్పారు కాబోలు అనుకున్నాను. పలకలను ఎంత దగ్గరగా పెట్టాలో ఆయన రాయలేదు, బోర్డు వాళ్ళ పుస్తకంలోనూ బొమ్మే తప్ప కొలత లేదు. అతుకు అంటే మధ్యలో ఏమీ మిగలకపోవడమే కదా. సంధి కుదిరాక రెండు మాటల నడుమ ఖాళీ ఉండదు. వెంట్రుక దూరనంత దగ్గరగా ఆనించమన్నాను.

చార్టు గోడకు తగిలించిన రోజున, తాతయ్య అని అందరూ పిలిచే పిల్లవాడు చేయెత్తాడు. నడకా మాటా నిదానం కాబట్టి అతనికా పేరు.

"టీచర్, రెండున్నర లెక్కపెట్టడం ఎలా? ఒకటి, రెండు... తర్వాత?"

"మూ... అని ఆపెయ్యి తాతయ్యా," అంది గుండుసూది.

"ఆపేస్తే ఇంగ్లీషు ఆవులా ఉంటుందే!"

అందరూ నవ్వారు. ఆ షెడ్డులో మళ్ళీ నవ్వు వినబడ్డం అదే మొదలు. స్విచ్ దగ్గర కూర్చున్న ఎలక్ట్రీషియన్ కూడా నవ్వాడు. "నన్నడక్కండి బాబూ, నాకు వైరు తెలుసుగానీ ఇనుము తెలీదు," అన్నాడు.

నేనూ ఒకసారి హెల్మెట్ పెట్టుకుని రాడ్డు పట్టుకున్నాను. తెలియనిదాన్ని చెప్పడం నాకు అలవాటు లేదు. తాకించగానే రాడ్డు పలకకు అంటుకుని ఊడిరాలేదు. "సంధి కుదిరింది టీచర్!" అని అరిచారెవరో. గుండుసూది వచ్చి నా మణికట్టు పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి ఊడదీసింది. ఆ తిప్పు నాకు తెలుసు. ఇంట్లో బిగుసుకున్న సీసా మూత ఆయన అలాగే తీసేవారు.

నెలంతా పిల్లలు కష్టపడ్డారు. పలకలు గీకారు, ఆనించారు, ఊపిరి వదిలారు, అతికారు. పైన వెల్డు వరసగా, అందంగా వచ్చేది. నేను రోజూ తేదీ వేసి అల్మరాలో పెట్టించాను. వంచి చూద్దాం అని తాతయ్య రెండుసార్లు అన్నాడు. బాగా వచ్చినవాటిని పాడుచేయడం ఎందుకులే అన్నాను. అది నా రెండో తప్పు.

నెలాఖరున పెద్దసారు షెడ్డుకు వచ్చారు. అతికిన పలకల్లోంచి మూడు పట్టీలు రంపంతో కోసి, ఒక్కొక్కదాన్నీ వైసు దవడల మధ్య బిగించి, అడుగువైపు బయటికి వచ్చేలా సుత్తితో వంచాలి. మొదటిది మూడో దెబ్బకే నోరు తెరిచింది. రెండోది రెండో దెబ్బకు. మూడోది గుండుసూది వేసింది. అది పూర్తిగా రెండు ముక్కలై, ఒక ముక్క నేల మీద పడి చాలాసేపు మోగింది.

పెద్దసారు కళ్ళజోడు తీశారు.

"సార్, పది రోజులివ్వండి," అన్నాను.

"నెలలో రానిది పది రోజుల్లో ఎలా వస్తుందమ్మా? వాళ్ళ టైము పోతోంది. మీరూ... మీరు కొంచెం విశ్రాంతి తీసుకోండి."

"మూడూ ఒకే చోట విరిగాయి సార్. పిల్లల తప్పయితే తలొక చోటా విరగాలి. అందరూ ఒకే తప్పు రాస్తే తప్పు డిక్టేషన్‌లో ఉంటుంది. అది ఎక్కడుందో కనుక్కుంటాను."

ముప్పయ్యేళ్ళు బడిలో ఉన్న మనిషి. ఆ లెక్క అర్థమైంది. "ఏడు రోజులు," అన్నారు.

బడికి రెండు వీధుల అవతల గేట్ల మేస్త్రీ కొట్టు ఉంది. మేస్త్రీ, మావారు కుర్రతనంలో ఒకే ముసలి గురువు దగ్గర పని నేర్చుకున్నారు. తర్వాత మేస్త్రీ కొట్టు పెట్టుకున్నారు, మావారు పరీక్షలు పాసై బడికి వచ్చారు. ఆరేళ్ళ క్రితం కోర్సు మధ్యలో ఉన్న ఒక పిల్లవాణ్ణి పనిలోకి పంపమని మేస్త్రీ అడిగితే, సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా పంపనన్నారు మావారు. "బడిలో వెల్డింగు, గట్టు మీద ఈత!" అని మేస్త్రీ వీధంతా చెప్పారు. "ఆయన గేట్లు గాలికి పాటలు పాడతాయి," అని మావారు స్టాఫ్ రూములో అన్నారు. ఆ మాట రెండు వీధులు దాటడానికి ఒక పూట కూడా పట్టలేదు. అప్పట్నుంచి మాటల్లేవు.

నెల రోజులుగా ఆ కొట్టు నాకు గుర్తు రాక కాదు. ఆయన తొక్కని గుమ్మం నేను తొక్కడమా అనుకున్నాను. తొమ్మిది మంది పిల్లల ఏడాది కన్నా ఆ పట్టింపు పెద్దదా అని ఆ సాయంత్రం నన్ను నేను అడిగాను. విరిగిన పలక పట్టుకుని, గుండుసూదిని తోడు తీసుకుని వెళ్ళాను.

మేస్త్రీ గ్రైండర్ ఆపి, స్టూలును తువ్వాలుతో తుడిచి వేశారు.

"రావాల్సిందమ్మా. రాలేదు. రెండుసార్లు మీ వీధి మొదటిదాకా వచ్చి వెనక్కెళ్ళాను. ఏ మొహం పెట్టుకుని రాను?"

"నేను వచ్చాను కదా అన్నయ్యగారూ. ఇది చూడండి."

ముక్కను వెలుతురులోకి తిప్పారు. "ఎవరేశారు?"

"నేనే," అంది గుండుసూది, గడ్డం పైకెత్తి.

"చెయ్యి బాగుందే. అచ్చం వాడి చెయ్యే. పైన అలలు చూడు, దువ్వినట్టున్నాయి. లోపల మాత్రం... పైన పటారం, లోన లొటారం. ఇనుము అడుక్కి దిగనే లేదు. పలకలు ఎలా పెట్టారు?"

"ఆనించి పెట్టాం. వెంట్రుక కూడా దూరదు."

"అదేంటి, ఊపిరి వదల్లేదా?"

"ఎందుకు వదల్లేదు! లెక్కపెట్టి మరీ వదిలాం." గుండుసూది నిటారుగా నిలబడి, లేని రాడ్డు పట్టుకుని, భుజాలు దించి పెదాలు గుండ్రంగా పెట్టి గాలి వదిలింది. "ఒకటి... రెండు... మూ."

మేస్త్రీ ఆమెను చూశారు. నన్ను చూశారు. తర్వాత గేటు చట్రం పట్టుకుని, దగ్గు వచ్చేదాకా నవ్వారు.

"నువ్వు వదలడం కాదే తల్లీ! పలకల మధ్య వదలాలి! రెండున్నర మిల్లీమీటర్లు! సందుంటేనే కదా కరిగిన ఇనుము కిందిదాకా దిగేది. ఇనుముక్కూడా గాలాడాలిరా అనేవాడు మా ముసలాయన. ఊపిరంటే ఆ సందు. ఆయన దగ్గర నేర్చినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడా మాట తెలిసింది..." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. బోర్డు వాళ్ళ పుస్తకంలోని బొమ్మ గుర్తొచ్చింది. రెండు పలకల మధ్య సన్నటి తెల్లగీత ఉంది అందులో. రెండూ వేరని తెలియడానికి అలా వేశారనుకున్నాం.

"మరి, కన్ను మూయకూడదు అంటే?" అని అడిగాను.

"ఆ సందు మీద రాడ్డు నడుస్తుంటే, కరిగే చోట ముందర చిన్న కన్నం పడుతుందమ్మా, తాళంచెవి దూరేంత. అదే కన్ను. అది తెరుచుకునే ఉండాలి. మూసుకుపోయిందా, అడుగున అతకలేదన్నమాటే. మీరేం అనుకున్నారు?"

"రెప్ప వెయ్యకూడదనుకున్నాం," అంది గుండుసూది. "అందుకా నెల రోజుల్నించీ మా కళ్ళమ్మట నీళ్ళు!"

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి. కొంచెమే.

మర్నాడు షెడ్డులో చార్టు తీసేశాను. "మీ చేతుల్లో తప్పులేదు," అని చెప్పాను. "సార్ రాసినదాంట్లోనూ లేదు. ఆయన రాయని కర్తను చేర్చింది నేను. నాకు తెలియదన్న సంగతి నాకు తెలియలేదు. ఈసారి మాట అర్థం తెలిసినవాళ్ళనే అడుగుదాం."

"అయితే ఇంక ఊపిరి మామూలుగా పీల్చుకోవచ్చా టీచర్?" అన్నాడు తాతయ్య.

నేను అడిగితే వచ్చిన మేస్త్రీని షెడ్డులో చూసి పెద్దసారు నన్ను పక్కకు పిలిచారు.

"సర్టిఫికెట్టు లేని మనిషి పాఠం చెప్పకూడదమ్మా. పై ఆఫీసుకి తెలిస్తే..."

"ఆయన పాఠం చెప్పడంలేదు సార్. పాఠం మావారు రాసిందే. మేస్త్రీగారు కఠిన పదాలకి అర్థాలు చెబుతున్నారు. నేను భాష టీచర్ని. అర్థాలు చెప్పించుకోవడం నా పనే."

పెద్దసారు షెడ్డువైపు చూశారు. "అర్థాలేనా?"

"అర్థాలూ, ఉదాహరణలూ."

కళ్ళజోడు సర్దుకుని వెళ్ళిపోయారు.

మేస్త్రీ ఒక రాడ్డు తీసుకుని, దాని పైపూతను సుత్తితో రాల్చి, లోపలి తీగను హెయిర్‌పిన్‌లాగా వంచారు. దాన్ని రెండు పలకల మధ్య దూర్చారు. "రెండున్నర కొలవడానికి స్కేలెందుకు? రాడ్డే రెండున్నర." రెండు చివర్లా చిన్న చిన్న వెల్డులు వేసి, అవి కుట్లలాగా పట్టుకున్నాక తీగ లాగేశారు. పలకల నడుమ వెలుతురు గీత కనబడింది. పిల్లలు ఒక్కొక్కరే వంగి ఆ గీతలోంచి చూశారు. నేనూ చూశాను.

మొదటి రోజు సందు ఎక్కువై ఇనుము కిందికి కారిపోయింది. రెండో రోజు కన్ను మరీ పెద్దదై, పూడకుండా అలాగే మిగిలింది. ఈసారి దేన్నీ అల్మరాలో పెట్టనివ్వలేదు. వేసింది వేసినట్టే వైసులో బిగించి వంచమన్నాను. విరిగినవన్నీ ఒక డబ్బాలో పడేశాం. నాలుగో రోజుకు డబ్బా నిండింది. ఐదో రోజు తాతయ్య సుత్తి ఎత్తి కొడుతూనే ఉన్నాడు, పట్టీ వంగుతూనే ఉంది. దాని రెండు చివర్లూ కలిసేదాకా వంగింది. విరగలేదు. తాతయ్య సుత్తి దించడం మర్చిపోయి నిలబడ్డాడు.

ఏడో రోజు పెద్దసారు ముందు మూడు పట్టీలు వంచాం. పెద్దసారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

"ఇది నిలిచినట్టేనా మేస్త్రీ?"

"గోరు పెట్టి చూడండి సార్. గోరు దూరితే ఫెయిల్ చెయ్యండి."

పెద్దసారు వంపు పొడవునా బొటనవేలి గోరు నడిపించారు. ఎక్కడా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే కాగితం తెప్పించి నా ముందు పెట్టారు. 'సాధన చేయించబడుతోంది' అన్న వాక్యం కింద సంతకం పెట్టాను. ఆ వాక్యంలోనూ కర్త లేదు. చేర్చలేదు.

తర్వాతి ఆరు వారాలూ మధ్యాహ్నాలన్నీ షెడ్డులోనే గడిచాయి. పలకలను పడుకోబెట్టి వేసే అతుకు అందరికీ వచ్చింది. నిలబెట్టి కింది నుంచి పైకి వేసే అతుకు కష్టం. కరిగిన ఇనుము జారిపోతుంది. మేస్త్రీ కొట్టు పని చూసుకుని వారానికి మూడు రోజులే రాగలిగారు.

పరీక్ష రోజు బోర్డు నుంచి వచ్చినాయన ఎక్కువ మాట్లాడలేదు. గుండుసూది పలకల మధ్య తీగ పెట్టడం చూసి మాత్రం, "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాడు.

"మా సార్," అంది. పక్కనే ఉన్న మేస్త్రీ తల ఊపారు.

తొమ్మిది మందిలో ఏడుగురు పాసయ్యారు. గుండుసూదిని బస్సు బాడీలు కట్టే కంపెనీలో తీసుకున్నారు. వాళ్ళమ్మ బడికి వచ్చి, నా చేయి పట్టుకుని కాసేపు నిలబడి వెళ్ళింది.

ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఇంకా ఖాళీగానే ఉంది. మేస్త్రీ సర్టిఫికెట్టు పరీక్ష రాస్తే ఆ పోస్టుకు అర్హులవుతారు. దరఖాస్తు నేనే నింపి ఇచ్చాను. "ఈ వయసులో పరీక్షేంటమ్మా, పిల్లలు నవ్వరూ!" అంటున్నారు. సంతకం ఇంకా పెట్టలేదు. తాతయ్యకూ మరొక అమ్మాయికీ మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష ఉంది. నిలువు అతుకు వాళ్ళకు ఇంకా కుదరలేదు.